నాచును మేధారక్షణమును

ఆహారమునకును మనస్సునకును సంబంధము కలదను విశ్వాసము మనలో నేటిది కాదు. ఛాందోగ్యోపనిషత్తునందు ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతువునకు ఈ విషయమును బోధించిన తీరు మిక్కిలి చక్కనిది. మనస్సు అన్నమయమని చెప్పి ఆ తండ్రి యూరకుండలేదు. 15 దినములు భోజనము మాని నీరు మాత్రము త్రాగియుండుమని కుమారుని నియమించెను. ఆ గడువు తీరిన పిమ్మట వేదము చెప్పుమనగా శ్వేతకేతువునకు ఒక్క ఋక్కైనను జ్ఞప్తికి రాలేదు. భుజించి వచ్చిన తరువాత అడిగినదెల్ల చెప్పగలిగెను. తండ్రి చెప్పెను గనుక కుమారుడు నమ్మెనని ఉపనిషత్తు చెప్పలేదు. పరీక్షించి తెలిసికొనెనని చెప్పినది. ఆహారమును గూర్చి విచారించువారికి ఈ మార్గమే ఆదర్శము కావలెను.

ఇప్పుడు మన పట్టణములలోని మందుల అంగళ్లయందు ఆకుపచ్చని బిళ్లలును పొడులును విరివిగా అమ్ముడుపోవుచున్నవి. ఇవి నాచునుండి చేసినవి. స్పిరులినా యని, క్లోరెల్లా యని వీని పేళ్లు. వీనియందు మాంసకృత్తులు, ఇనుము, విటమినులు సమృద్ధిగా నున్నవని మొదట చెప్పుదురు. ఆ వెంటనే ఇవి జ్ఞాపకశక్తిని పెంచుననియు, వార్ధక్యమున మెదడు క్షీణింపకుండ కాచుననియు చేర్చుదురు. పరీక్షలకు చదువు బిడ్డలకును, మతిమఱపు మొదలిడిన ముసలి తల్లిదండ్రులకును వీనిని కొనిపెట్టు గృహస్థులు పెక్కుమంది. వారి యాశ నిందింపదగినది కాదు. కాని ఆశకు ఆధారమెంతయో చూడవలదా?

ఈ ప్రశ్నకు చరిత్రయందు మంచి యుత్తరము దొరకును. నాచునుండి మొదట వెలికివచ్చిన పదార్థమొకటి లెక్కలేనంతమంది బిడ్డల మెదళ్లను నిజముగా కాపాడినది. అది అయోడిను. అది మెదడునకు రక్షకమని తేలుటకు నూటయేబది యేండ్లు పట్టెను. ఆ కథను సాకల్యముగా తెలిసికొన్నచో నేటి ప్రకటనలను తూచుటకు మనకొక తక్కెడ దొరకును.

1811వ సంవత్సరమున ఫ్రాన్సుదేశము యుద్ధములలో మునిగియుండెను. తుపాకిమందునకు సురేకారము కావలెను. పారిసు నగరమున బెర్నార్ కూర్త్వా యనునతడు సురేకారము తయారుచేయుచుండెను. అందులకు వలయు క్షారములను అతడు నార్మండీ, బ్రిటనీ తీరముల సముద్రపు నాచును కాల్చిన బూడిదనుండి తీయుచుండెను. పాత్రలకు పట్టిన మడ్డిని తొలగించుటకు గంధకామ్లమును పోయుట వాడుక. ఒకసారి ఆమ్లము మోతాదు మించగా ఊదారంగు ఆవిరి పైకి లేచి, చల్లని తావున తగిలి, నల్లని మెఱుగు పలుకులుగా పేరుకొనెను. ఇదియొక క్రొత్త మూలపదార్థమని శాస్త్రజ్ఞులు తరువాత నిర్ణయించిరి. ఊదారంగును తెలుపు గ్రీకు పదమునుండి దానికి అయోడిను అను పేరు కలిగెను.

ఆ కాలమున ఆల్ప్సు పర్వతప్రాంతములందు గళగండరోగము సామాన్యముగ నుండెను. గొంతు ముందుభాగమున నుండు థైరాయిడు గ్రంథి కంతివలె ఉబ్బుటయే ఈ రోగము. స్పంజిని కాల్చిన బూడిద దీనికి మందని ఐరోపావారు చిరకాలముగ వాడుచుండిరి. చీనావారు సముద్రపు నాచునే వాడుచుండిరి. జెనీవా నగరపు వైద్యుడు క్వాండే, నాచులోని క్రొత్త పదార్థమే స్పంజిలోను ఉండవచ్చునని యూహించి, 1820లో రోగులకు అయోడినునే ఇచ్చిచూచెను. కంతులు తగ్గెను. ఆ వార్త వ్యాపింపగా జనులు వైద్యుని యడుగకయే దానిని కొని త్రాగ మొదలుపెట్టిరి. మితిమీరి త్రాగినవారు గుండెదడచేతను, వణకుచేతను, కృశించుటచేతను బాధపడిరి. అంతట మందే విషమను అపవాదు పుట్టెను. మంచి పదార్థముకూడ మోతాదు తెలియనివారి చేతిలో ఎట్లు చెడ్డపేరు తెచ్చుకొనునో ఇందువలన తెలియుచున్నది.

గళగండము పైకి కనబడు రోగము. దాని నీడను మఱియొక ఘోరము దాగియుండెను. ఆ రోగము మెండుగానున్న లోయలయందే చెవిటివారు, మూగవారు, మరుగుజ్జులు, బుద్ధి వికసింపని బిడ్డలు ఎక్కువగా పుట్టుచుండిరి. తల్లిదండ్రులు దీనిని వంశదోషమనియో దైవశాపమనియో తలపోయుచుండిరి. 1850 ప్రాంతమున ఫ్రాన్సులో షాటన్ అను శాస్త్రజ్ఞుడు గళగండమున్నచోట్ల నీటిలోను మట్టిలోను అయోడిను తక్కువగ నున్నదని చూపెను. పండితులు దానిని అంగీకరింపలేదు. 1895లో జర్మనీలో బౌమన్ అనునతడు థైరాయిడు గ్రంథియందే అయోడిను కలదని కనుగొన్న పిమ్మట గాని ఈ యూహకు బలము చేకూరలేదు.

నేర్పరులైన పరిశీలకులుకూడ ఈ విషయమున దారి తప్పిరి. రాబర్టు మక్‌కారిసన్ అను ఆంగ్లేయ వైద్యాధికారి గిల్గిత్ ప్రాంతమున ఈ రోగమును శ్రద్ధతో పరిశోధించెను. ఒకే కాలువ నీరు ఊరివెంట ఊరుగా పాఱి క్రిందికి పోవుకొలది గళగండము హెచ్చుటను గమనించి, నీటి మాలిన్యమే దీనికి కారణమని తలచెను. ఆ నీటి మడ్డిని తాను స్వయముగ త్రాగియు చూచెను. అతని సాహసము శ్లాఘనీయమే. కాని అసలు కారణము అతనికి చిక్కలేదు. ఈ మక్‌కారిసనే తరువాత కూనూరునందు 1918లో పోషకాహార పరిశోధనకు పునాది వేసెను. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు మారి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ యను పేర వెలయుచున్నది.

ఊహను నిశ్చయముగ మార్చినవి పోలిక గల పరీక్షలు. అమెరికాలో ఒహైయో రాష్ట్రపు ఆక్రన్ పట్టణమున డేవిడ్ మెరీన్, కింబాల్ అను వైద్యులు 1917 మొదలుకొని పాఠశాల బాలికలపై పరీక్ష నడపిరి. అయోడిను పుచ్చుకొనిన 2,190 మందిలో 5గురికి మాత్రమే గ్రంథి ఉబ్బెను. పుచ్చుకొనని 2,305 మందిలో 495 మందికి ఉబ్బెను. ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కను చూచినవారికి వేఱు ఉపన్యాసమక్కఱలేదు. 1922లో స్విట్జర్లాండునందలి ఒక మండలమున ఉప్పులో అయోడిను కలిపి అమ్ముట ఆరంభమయ్యెను.

మన దేశమున ఈ పనిని నిర్ధారణచేసిన వారిలో తెలుగువారొకరు ప్రముఖులు. శ్రీకాకుళమున 1921లో పుట్టి, విశాఖపట్టణపు ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, కూనూరు పరిశోధనాలయమున పనిచేసిన వులిమిరి రామలింగస్వామిగారు 1956లో హిమాలయపాదమందలి కాంగ్రా లోయను పరీక్షాక్షేత్రముగ తీసికొనిరి. లక్షమందికి పైగా జనులున్న ఆ ప్రాంతమును వారును వారి సహచరులును మూడు భాగములుగ విభజించిరి. రెండు భాగములవారికి అయోడిను కలిపిన ఉప్పును, ఒక భాగమువారికి మామూలు ఉప్పును అందించిరి. కొన్నియేండ్లు గడచునప్పటికి మొదటి రెండు భాగములలో గళగండము బాగుగ తగ్గెను, మూడవదానియందు తగ్గలేదు. 1962 తరువాత ఆ మూడవ భాగమునకును అయోడిను ఉప్పు నీయగా అచ్చటను తగ్గెను. ఆ యేటనే భారత ప్రభుత్వము గళగండ నివారణకై జాతీయ కార్యక్రమమును ఆరంభించెను.

గళగండము తగ్గెను సరే. బుద్ధిమాంద్యమునకు అయోడిను లోపమే కారణమని ఎట్లు తెలిసెను? ఈ సందేహమును తీర్చినది న్యూగినీ ద్వీపపు కొండలలో 1966లో ఆరంభమైన పరీక్ష. జిమీ నదీలోయయందు కొన్ని కుటుంబములకు అయోడిను కలిపిన నూనెను, కొన్నిటికి ఉప్పునీటిని సూదిమందుగ నిచ్చిరి. తరువాత పుట్టిన బిడ్డలను పరిశీలింపగా ఉప్పునీరు పుచ్చుకొన్న కుటుంబములలో 26మంది బిడ్డలకు ఆ ఘోరవైకల్యము కలిగెను. అయోడిను పుచ్చుకొన్న కుటుంబములలో 7గురికి కలిగెను. వారిలో 6గురి తల్లులు సూదిమందు వేయునప్పటికే గర్భవతులు. తొలి మాసములలో గర్భస్థశిశువు మెదడు తల్లి థైరాయిడు రసముపైననే ఆధారపడి పెరుగును. ఆ కాలము దాటిన పిమ్మట ఎంత అయోడిను ఇచ్చినను జరిగిన నష్టము తీఱదు. శాపమనుకొన్నది చిటికెడు లవణద్రవ్యపు లోపమని తేలెను. నివారింపదగిన మెదడు వైకల్యములకు కారణములలో అయోడిను లోపమే ప్రధానమని ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించినది.

ఈ కథలోని గుణపాఠమేమి? పదార్థము ఫలానా యని తెలిసెను, మోతాదు తెలిసెను, అది శరీరమున పనిచేయు విధము తెలిసెను, పుచ్చుకొన్నవారిని పుచ్చుకొననివారితో పోల్చి ఫలితమును లెక్కించిరి. అన్నిటికిని మించి, తేలిన మేలును సీసాలలో పోసి ధనికులకు అమ్మలేదు. బీదవాని గంజిలో పడు ఉప్పులోనే చేర్చిరి.

ఇక నేటి బిళ్లల విషయమునకు వత్తము. స్పిరులినా సముద్రపు నాచు కాదు. క్షారజలము గల సరస్సులలో పెరుగు నీలిపచ్చని సూక్ష్మజీవి. కావున సముద్రపు నాచునకుగల అయోడిను సమృద్ధి దీనికి లేదు. అయినను ఇది ప్రాచీనమైన యాహారము. 16వ శతాబ్దమున స్పెయిన్‌వారు మెక్సికోను జయించినప్పుడు, టెక్స్‌కోకో సరస్సు నీటిపై తేలు పచ్చని తెట్టెను అచ్చటి జనులు వలలతో తీసి, ఎండబెట్టి, అచ్చులుగా చేసి సంతలో అమ్ముటను చూచి వ్రాసియుంచిరి. దానిని ఆ జనులు తెకూయిత్లాత్ అనిరి. ఆ సరస్సును ఎండగట్టుటతో ఆ యాహారమును మఱుగుపడెను. ఆఫ్రికాలో చాద్ సరస్సు ప్రాంతమున కానెంబు జాతి స్త్రీలు ఇట్టి తెట్టెనే ఇసుకపై ఆరబెట్టి, దిహే యను పేర పులుసులో వేసి జొన్నసంకటివంటి ముద్దతో తినుచున్నారు. 1964, 65 సంవత్సరములలో బెల్జియము శాస్త్రజ్ఞుడు జాన్ లెయొనార్ సహారా యాత్రలో దీనిని చూచి లోకమునకు తెలిపెను. మెక్సికో స్త్రీగాని కానెంబు స్త్రీగాని దీనిని మేధస్సునకై తినలేదు, కడుపునకై తినిరి.

ఆహారముగ దీనికి విలువ కలదు. ఎండిన స్పిరులినాలో నూటికి 60 పాళ్లవఱకు మాంసకృత్తులున్నవి. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1991లో ప్రకటించిన యెలుకల పరీక్షలలో దీనియందలి పసుపువర్ణద్రవ్యము శరీరమున ఏ విటమినుగ మారి ఉపయోగపడునని తేలినది. కాని గృహిణి లెక్క వేసి చూడవలెను. దినమునకు 3 గ్రాముల బిళ్లలు మ్రింగిన వచ్చు మాంసకృత్తులు 2 గ్రాములకు లోపు. పిడికెడు కందిపప్పులో, అనగా 30 గ్రాములలో, 6 గ్రాములకు పైగా నున్నవి. వెలలో తారతమ్యము చెప్పనక్కఱలేదు.

మెదడును గూర్చిన మాటయో? 2005లో అమెరికాలో ఒక పరీక్ష జరిగెను. నాలుగు వారములు స్పిరులినా కలిపిన మేత తిన్న యెలుకలకు మెదడు రక్తనాళమును కట్టివేయగా, మామూలు మేత తిన్నవానికంటె వాని మెదడునకు తక్కువ హాని కలిగెను. ఇది ఆశ గొలుపు ఫలితమే. అయితే ఆ పరీక్షలో పాలకూరయు నీలిరేగువంటి విదేశపు పండును తిన్న యెలుకలకును మేలు కలిగెను. ప్రకటనకర్తలు ఎలుకను చెప్పక ఫలితమును చెప్పుదురు. పాలకూరను అసలే చెప్పరు.

మనుష్యులపై జరిగిన పెద్ద పరీక్షలు వేఱొక నాచుద్రవ్యమునకు సంబంధించినవి. మెదడులోని కొవ్వులలో డీహెచ్ఏ యనునది ముఖ్యము. చేపలలో నున్న డీహెచ్ఏకు మూలము వానికి ఆహారమైన నాచే. దానిని నాచునుండియే తీయు విధానము 20వ శతాబ్దము చివర అమెరికాలో కుదిరి, పసిపిల్లల పాలపొడులలో చేరినది. 2010లో దీనిపై రెండు పరీక్షల ఫలితములు వెలువడెను. మొదటిది 55 ఏండ్లు దాటి కొంత మఱపు కలిగిన ఆరోగ్యవంతులు 485 మందిపై జరిగినది. దినమునకు 900 మిల్లీగ్రాముల చొప్పున 24 వారములు పుచ్చుకొన్నవారు ఒక జ్ఞాపకపరీక్షలో తక్కువ తప్పులు చేసిరి. ఈ పరీక్షను నడపినది ఆ ద్రవ్యమును తయారుచేయు సంస్థయే. రెండవది ఆల్జైమరు వ్యాధి సోకిన 402 మందిపై జరిగినది. దినమునకు 2 గ్రాముల చొప్పున 18 నెలలు ఇచ్చినను వ్యాధి నడక మందగింపలేదు. ఒకే ద్రవ్యము, ఒకే సంవత్సరము. ఒక ఫలితము కొంచెము ఆశ, మఱియొకటి నిరాశ. ఇంతవఱకే మనము ధైర్యముగ చెప్పగలము. మతి చెడిన తల్లికి ఈ బిళ్లలు మతి తెచ్చునని చెప్పువాడు ఈ రెండవ పరీక్షను చదువలేదనవలెను, లేదా చదివి దాచెననవలెను.

ప్రయోజనము అనిశ్చితమైన యెడల ధననష్టమే గదా, ఏమి ముప్పు అని కొందఱనవచ్చును. ముప్పున్నది. అది ముఖ్యముగ శాకాహారుల యిండ్లకు సంబంధించినది. బి12 విటమిను లేనిదే నరములు నిలువవు. దాని లోపముచే రక్తము పలుచబడుటయేగాక పాదములు తిమ్మిరులెక్కి, నడక తూలి, మతి మందగించును. ఆ లోపము చిరకాలముండిన నరములకు కలిగిన హాని పూర్తిగ మఱలిరాదు. పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు, మాంసములయందు ఈ విటమిను కలదు, కాయగూరలయందు లేదు. స్పిరులినాయందు ఇది పుష్కలమని చాలకాలము ప్రచారము జరిగెను. సూక్ష్మజీవులను పెంచి విటమినును కొలుచు పాతపద్ధతిలో అట్లే కనబడెను. కాని 1999లో జపానుదేశపు పరిశోధకులు స్పిరులినా బిళ్లలను విడమఱచి పరీక్షింపగా, అందున్నదానిలో అధికభాగము రూపమున బి12ను పోలియు మనుష్యశరీరమునకు పనికిరాని వేఱు పదార్థమని తేలెను. అంతకుముందు 1991లోనే, హాలెండులో మాంసము, పాలు మానిన కుటుంబముల బిడ్డలకు నాచు పెట్టి చూడగా, రక్తములో విటమిను పెరిగినట్లు కనబడినను రోగలక్షణము సరిపడలేదు. కావున బిళ్లలు మ్రింగుచున్నాము గదాయని పాలుపెరుగులను మానినవారు తాము కాపాడదలచిన మెదడునకే హాని చేసికొందురు.

పోలికచే మోసపోయిన యిట్టి ఘట్టము వైద్యచరిత్రయందు మునుపు ఒకటి జరిగినది. భీమవరమున పుట్టి అమెరికాలో కీర్తిగాంచిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యమున 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగ తయారయ్యెను. అది కొన్ని రక్తహీనతలకు దివ్యౌషధము. బి12 లోపముచే రక్తము పలుచబడినవారికిచ్చినను రక్తము మెఱుగుపడెను. వైద్యులు సంతసించిరి. కాని కొన్ని మాసములకు ఆ రోగులలో పలువురి నరములు మఱింత చెడుట కనబడెను. రక్తము బాగుపడుట లోపలి లోపమును కప్పిపుచ్చెను. 1948లో బి12ను వేఱుపఱచిన తరువాత గాని దీనికి సరియైన చికిత్స దొరకలేదు. ఫోలిక్ ఆమ్లము గొప్పతనము దీనిచే తగ్గదు. గర్భిణులకు నేటికిని అది తప్పనిసరి. కాని దాని స్థానము దానిది, బి12 స్థానము బి12ది.

శుద్ధినిగూర్చియు ఒక మాట. అమెరికాలోని క్లామత్ సరస్సునుండి తీసి అమ్ము నీలిపచ్చని నాచుతో కాలేయమునకు హానిచేయు మఱియొక నాచు కలియుట 1996లో కనబడగా, ఆరిగన్ రాష్ట్రము 1997లో ఆ విషమునకు హద్దు విధించెను. పిమ్మట పరీక్షించిన 87 నమూనాలలో 63 ఆ హద్దును మించినవి. సముద్రపు నాచు బిళ్లలయందు అయోడిను మితిమీరియుండుటయు కలదు. జపానులో హొక్కైడో తీరమున నాచును అత్యధికముగ తిన్నవారికి గళగండమే కలిగెను. క్వాండే కాలపు పాఠము నేటికిని పాతబడలేదు.

కావున మన గృహములలో చేయవలసినదేమన: అయోడిను కలిపిన ఉప్పునే కొని, తేమ తగులకుండ మూతగల పాత్రయందుంచవలెను. కోడలు గర్భవతియైన పిమ్మట కాక, అంతకు మునుపే ఆ ఉప్పు ఆ యింట నుండవలెను. శాకాహారులు పాలుపెరుగులను విడువరాదు. విడిచినవారును, తిమ్మిరులు గాని క్రొత్తగ మతిమఱపు గాని కలిగిన పెద్దలును వైద్యునిచే రక్తపరీక్ష చేయించుకొని, బి12 లోపమున్నచో మందుగనే పుచ్చుకొనవలెను. ముసలివారి మతిమఱపును వయోధర్మమని త్రోసిపుచ్చి ఆకుపచ్చని సీసానొకటి చేతికిచ్చుట సేవ కాదు. వారిలో కొందఱి మఱపునకు తీర్పదగిన కారణమే యుండవచ్చును. ఇవన్నియు చేసిన పిమ్మట, కలిగినవారు శుద్ధమైన స్పిరులినాను ఆహారముగ తినదలచిన అభ్యంతరము లేదు. దానిని మేధారక్షకమని అమ్మువారిని మాత్రము ఎవరిపై పరీక్షించితిరి, ఎందఱిపై, దేనితో పోల్చితిరి అని అడుగుట మన గృహిణులు అలవఱచుకొందురుగాక.